‘ఘాజీ’ చిత్రం – సముద్రంలో ధ్వని

జగిత్యాల నుండి సముద్రం చాలా దూరం. కోరుట్ల, సిరిసిల్లల సంగతీ అంతే. ఈ పట్టణాలలో పెరిగిన విద్యార్థి చెరువును ఎరుగును, వ్యవసాయపు బావిని ఎరుగును, వరద వచ్చిన నాటి మానేరును, ధర్మపురి రేవులోని గోదావరిని ఎరుగును. కాని సముద్రంలో వంద మీటర్ల దిగువన ఏమి జరుగుతున్నదో అతనికి చెప్పగలిగినవి రెండే ఉన్నవి. ఒకటి భౌతికశాస్త్ర పాఠం, రెండవది సినిమా. పాఠం పరీక్షతో మరుపున పడుతుంది. సినిమా మాత్రం మనసులో నిలిచిపోతుంది. అందుచేత 2017 ఫిబ్రవరిలో విడుదలైన ‘ఘాజీ’ చిత్రాన్ని శాస్త్ర దృష్టితో పరిశీలించడం చాదస్తం అనిపించుకోదు. సముద్ర గర్భంలో ధ్వని ఎట్లా నడుస్తుందో తెలుగు ప్రేక్షకునికి కథగా చెప్పే అవకాశం దక్కిన చిత్రం అది.

సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో, రానా దగ్గుబాటి, కేకే మీనన్, అతుల్ కులకర్ణి ప్రధాన పాత్రధారులుగా వచ్చిన ఈ చిత్రానికి ఆధారం 1971 నాటి యుద్ధం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మొదట అమెరికా నౌకాదళంలో డయాబ్లో అనే పేరుతో పనిచేసి, 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చినది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి అది విశాఖపట్టణం ఓడరేవు సమీపంలో మునిగిపోయినది. భారత నౌకాదళపు కథనం ప్రకారం రాజ్‌పుత్ అనే నౌక నీటిపై అనుమానాస్పదమైన కలవరం చూచి, ఆ చోట జలబాంబులు వదిలినది. పాకిస్తాన్ దీనిని అంగీకరించక, ప్రమాదవశాత్తు జరిగిన ప్రేలుడే కారణమంటున్నది. చిత్రంలో మాత్రం ఎస్-21 అనే భారత జలాంతర్గామి నీటి అడుగుననే ఘాజీతో తలపడుతుంది. కథకు ఆ స్వేచ్ఛ ఉన్నది. దానిపై తగవు అనవసరం. ఇక్కడి ప్రశ్న వేరు. ఆ పోరాటం జరిగినట్లు చూపిన నీరు ఎట్టి నీరు?

చిత్రానికి దక్కవలసిన మెప్పు మొదట దక్కాలి. కథలో అధిక భాగాన్ని ఇనుప గొట్టంవంటి ఇరుకు చోట నడిపించి, పాటలతో, హాస్యపు పిట్టకథలతో దారి తప్పకుండా నిలబెట్టడం సామాన్య సాహసం కాదు. ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి జాతీయ పురస్కారం లభించడం సబబే. అంతకంటె ముఖ్యం, జలాంతర్గామికి కన్నులేదనీ, అది చెవితోనే బ్రతుకుతుందనీ ప్రేక్షకునికి తెలియజెప్పిన తొలి తెలుగు చిత్రాలలో ఇది ఎన్నదగినది. సోనార్ ముందు కూర్చుని చెవులు రిక్కించిన మనిషి ముఖంలో కథ నడిచిన ఘట్టాలు ఈ చిత్రంలో మేలైనవి. అతను ఊపిరి బిగపడితే హాలులోని వారు కూడా బిగపడతారు.

చిక్కు ఆ చెవికి ఏది వినబడుతుంది, ఎంత దూరం నుండి, ఏ లోతు నుండి అన్న చోట మొదలవుతుంది.

ముందుగా ఒక చిన్న లోపం. భారత జలాంతర్గామిలోని సిబ్బంది గొంతెత్తి దేశభక్తి గీతం పాడగా, అది శత్రువుల చెవిన పడి వారి నాయకునికి రోషం పుట్టించడం చిత్రంలో పేరుపొందిన ఘట్టం. చప్పట్లు కొట్టించే ఘట్టం కూడా. కాని గాలిలో పుట్టిన ధ్వని నీటి ముఖాన్ని తాకినప్పుడు దాని శక్తిలో దాదాపు వెయ్యింట ఒక వంతు మాత్రమే నీటిలో ప్రవేశిస్తుంది. తక్కినదంతా వెనుకకు మరలిపోతుంది. నీరు గాలికంటె ఎన్నో రెట్లు బరువైనది, నొక్కుడుకు లొంగనిది కావడమే ఇందుకు కారణం. నడుమ ఉక్కు పొట్ట ఒకటి ఉండనే ఉన్నది. కనుక జలాంతర్గామిని పట్టియిచ్చేది సాధారణంగా మనిషి గొంతు కాదు. పొట్టకు బిగించిన పంపు, తిరిగే చక్రం, ఇనుప నేలపై జారిపడిన పానా, ఇవే దానిని పట్టిస్తాయి. ఇవి గాలి దారిని కాక లోహపు దారిని పోయి నేరుగా నీటిని కదిలిస్తాయి.

ఈ సంగతి సిరిసిల్లవారికి వేరే చెప్పనక్కరలేదు. మరమగ్గాల వీధిలో గోడకు ఇవతల ఉన్నవారికి అవతల నేతగాని మాట ఒక్కటీ వినబడదు. కాని మగ్గపు దెబ్బ నేలలో నుండి, గోడలో నుండి అరికాలికి తెలుస్తూనే ఉంటుంది. దర్శకుడు పాటకు బదులు ఒక పానాను జారవిడిచి ఉంటే శాస్త్రం తృప్తిపడేది. చప్పట్లు పడేవో లేదో చెప్పడం కష్టం. జలాంతర్గాములు మరీ చేరువగా ఉన్నప్పుడు సున్నితమైన యంత్రానికి లోపలి అలజడి కొంత అందదని కూడా ఖండితంగా అనడానికి వీలులేదు. కథ కోసం పుచ్చుకొన్న స్వేచ్ఛగా దీనిని విడిచిపెట్టవచ్చును.

విడిచిపెట్టరానిది రెండవ లోపం. చిత్రంలో లోతు అంటే పీడనం. జలాంతర్గామి దిగుతున్నకొద్దీ ముల్లు తిరుగుతుంది, ఉక్కు మూలుగుతుంది, మనుషులు చెమటలు పట్టి పైకి చూస్తారు. పైకి లేవడం, కిందికి దిగడం కథలో కీలకమైన ఎత్తులే. కాని ప్రేక్షకుని మనసులో మిగిలే సముద్రం పైనుండి కిందిదాకా ఒకే తీరున ఉన్న నీటితొట్టి. అందులో శబ్దం నలువైపులా తిన్నగా పోతుంది. దగ్గరైతే గట్టిగా, దూరమైతే మెల్లగా వినబడుతుంది. వాస్తవానికి జలాంతర్గామి నాయకుడు లోతును ఎన్నుకొనేది పీడనానికి భయపడి మాత్రమే కాదు. ఏ లోతున ఉంటే తన చప్పుడు ఎవరికీ అందదు, ఎవరి చప్పుడు తనకు అందుతుంది అన్నదే అతని అసలు లెక్క.

అయితే ఈ నీటితొట్టిని సినిమావారు కనిపెట్టలేదు. వారికంటె ముందే పాఠం దానిని విద్యార్థి చేతికి ఇచ్చినది. ‘నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు’ అన్న ఒక్క అంకెతో పాఠం ముగుస్తుంది. ఎందుకు అంత వేగమని అడిగితే, నీరు గాలికంటె సాంద్రమైనది కనుక అని తరగతి గదులలో తరచు వినబడే జవాబు. ఇది పొరపాటు. పైగా తలక్రిందులైన పొరపాటు.

ధ్వని వేగాన్ని నిర్ణయించేవి రెండు: పదార్థం నొక్కుడుకు ఎంత ఎదురు తిరుగుతుంది, ఎంత బరువుగా ఉన్నది. మొదటిది హెచ్చితే వేగం హెచ్చుతుంది. రెండవది హెచ్చితే వేగం తగ్గుతుంది. పాదరసం నీటికంటె పదమూడున్నర రెట్లు సాంద్రమైనది. దానిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,450 మీటర్లు. అనగా నీటిలోకంటె తక్కువే. నీటిని వేడిచేస్తే సాంద్రత తగ్గుతుంది; ధ్వని వేగం మాత్రం దాదాపు 74 డిగ్రీల వరకు పెరుగుతూ పోతుంది. సాంద్రతయే కారణమైతే ఈ రెండింటిలో ఏ ఒక్కటీ జరగరాదు. 1826లో జెనీవా సరస్సులో కొలడాన్, స్టర్మ్ అనే ఇద్దరు నీటిలో గంట మోగించి, అదే క్షణాన మందు వెలిగించి, మెరుపుకూ నాదానికీ నడుమ కాలాన్ని లెక్కించి సెకనుకు 1,435 మీటర్లని తేల్చినారు. వారి నీటి ఉష్ణోగ్రత 8 డిగ్రీలు. ఆ డిగ్రీలను విడిచిపెట్టి అంకెను మాత్రమే చెప్పడం, ధర చెప్పి తూకం చెప్పకపోవడం వంటిది.

సముద్రంలో ఈ అంకెను మార్చేవి మూడు. వెచ్చని నీటిలో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వేగం సెకనుకు రెండున్నర మీటర్ల దాకా పెరుగుతుంది. చల్లని నీటిలో ఇంకా ఎక్కువ, నాలుగు మీటర్లకు పైగా. వెయ్యి గ్రాముల నీటిలో ఉప్పు ఒక గ్రాము పెరిగితే వేగం ఒక మీటరుకు కొంచెం పైగా పెరుగుతుంది. లోతు వంద మీటర్లు పెరిగితే పీడనం వలన సుమారు 1.6 మీటర్లు పెరుగుతుంది. పైభాగంలో ఉష్ణోగ్రతదే పెత్తనం. లోతుకు పోగా పోగా నీరంతా ఇంచుమించు ఒకే చల్లదనానికి రావడంతో పెత్తనం పీడనానికి దక్కుతుంది. కనుక వేగం మొదట తగ్గి, ఒక లోతున కనిష్ఠానికి చేరి, ఆ తరువాత తిరిగి పెరుగుతుంది.

1,540కీ 1,495కీ నూటికి మూడు పాళ్ల తేడా మాత్రమే కదా, దీని కోసం ఇంత గొడవ ఎందుకని అడగవచ్చును. గొడవ వేగంలో లేదు, దారిలో ఉన్నది. కోరుట్ల సంతకు పసుపు బస్తాలతో పోయే ఎడ్లబండి ఎడమ చక్రం బురదలో దిగినదనుకోండి. ఆ చక్రం మందగిస్తుంది, కుడి చక్రం తన వేగంతో సాగుతుంది, బండి ఎడమకు తిరుగుతుంది. ధ్వని తరంగం కూడా అట్లే. తరంగపు ఒక అంచు నిదానమైన నీటిలో, మరియొక అంచు వేగమైన నీటిలో ఉంటే, తరంగమంతా నిదానమైన నీటివైపే ఒరుగుతుంది. ఉష్ణోగ్రత వంద మీటర్లలో 28 డిగ్రీల నుండి 18 డిగ్రీలకు పడిపోయే పొరలో అడ్డంగా బయలుదేరిన ధ్వని కిరణం, లెక్క కట్టితే, కిలోమీటరు దూరం పోయేసరికి సుమారు 80 మీటర్లు కిందికి వంగిపోతుంది. ఇటువంటి పొర బంగాళాఖాతంలో అపురూపం కాదు. అటువంటి చోట పైపొరలో రెండు మూడు కిలోమీటర్ల దూరాన ఉన్న శత్రువుకు ఆ కిరణం అందనే అందదు. అక్కడ ధ్వనికి నీడ పడినదన్నమాట. చెట్టు నీడలో ఎండ లేనట్లే ఈ నీడలో శబ్దం లేదు, దూరం ఎంత తక్కువైనా సరే.

ఈ నీడ కాగితం మీది ఊహ కాదు. 1937లో అమెరికా నౌక సెమ్స్‌పై, క్యూబాలోని గ్వాంటనామో దగ్గర ఒక వింత గమనించినారు. ఉదయం చక్కగా పనిచేసిన సోనార్ మధ్యాహ్నం అయ్యేసరికి జలాంతర్గామిని పట్టలేకపోతున్నది. పనివారు భోజనం చేసి కునుకుతున్నారేమోనన్న అనుమానం ఎవరికైనా సహజం. తప్పు వారిది కాదు, ఎండది. మధ్యాహ్నానికి పై నీరు ఒకటి రెండు డిగ్రీలు వెచ్చబడి, ధ్వనిని కిందికి వంచివేస్తున్నది. ఆ మరుసటి ఏట స్పిల్‌హాస్ రూపొందించిన బాతీథర్మోగ్రాఫ్ అనే సాధనం, నీటిలోకి దిగుతూనే లోతుకూ ఉష్ణోగ్రతకూ గీత గీసి ఇచ్చేది. ఆ గీత చూడనిదే రెండవ ప్రపంచయుద్ధంలో జలాంతర్గామి వేట సాగలేదు.

ఈ విజ్ఞానం తెలుగునాటికి పరాయిదీ కాదు. అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో సముద్ర శాస్త్రజ్ఞుడైన యూజీన్ లాఫాండ్ 1952లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి అధ్యాపకులు, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతపు ఉష్ణోగ్రతలను, లవణీయతను, ప్రవాహాలను పరిశీలించినాడు. ఘాజీ మునిగిన తీరం ఏదో, ఈ పరిశోధన మొదలైన తీరమూ అదే. చిత్రకథకు ఇంతకంటె చేరువైన శాస్త్ర సామగ్రి మరొకటి లేదు.

ఇక ఆ తీరంలో, డిసెంబరు మాసంలో నీరు ఎట్లుంటుంది? ఇక్కడే చిత్రం పోగొట్టుకొన్నది ఎక్కువ. వానకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చి పోసిన మంచినీరు బంగాళాఖాతపు ఉత్తర భాగంలో ఉప్పునీటిపై పలుచగా పరుచుకొంటుంది. అక్టోబరు నుండి డిసెంబరు దాకా తీరం వెంబడి దక్షిణంగా సాగే ప్రవాహం ఆ నీటిని ఆంధ్ర తీరానికి తెస్తుంది. చలికాలపు గాలికి ఈ పైపొర చల్లబడుతుంది. మామూలుగా చల్లబడిన నీరు బరువెక్కి కిందికి దిగవలసినదే. కాని ఉప్పు తక్కువ కావడంతో ఇది తేలికగానే ఉండి పైననే నిలిచిపోతుంది. ఫలితంగా నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఇక్కడ తరచు పైన చల్లని నీరు, దాని కింద వెచ్చని నీరు అనే తారుమారు స్థితి ఏర్పడుతుంది. లవణీయత నాలుగు గ్రాములు తగ్గితేనే ధ్వని వేగం నాలుగు మీటర్లకు పైగా తగ్గును. చల్లదనం మరికొంత తగ్గిస్తుంది. కనుక పైపొరలో బయలుదేరిన ధ్వని కిందికి వంగక పైకి వంగి, నీటి ముఖాన్ని తాకి మరలి, మళ్లీ పైకి వంగుతూ ఆ పొరలోనే దూరం సాగిపోతుంది. చలికాలపు తెల్లవారుజామున చెరువు ఆవలి గట్టు మీది మాటలు ఈవలికి స్పష్టంగా వినబడటం జగిత్యాల ప్రాంతపు రైతులు ఎరిగినదే. నీటిని అంటియున్న గాలి చల్లగా, పై గాలి వెచ్చగా ఉండి, మాట నేలవైపు వంగడమే ఇందుకు హేతువు. సముద్రపు పైపొరలో జరిగేది దీనికి తలక్రిందులైన బొమ్మ.

ఈ సందర్భంలో గోదావరి మాట చెప్పక తప్పదు. జగిత్యాల, కోరుట్లల వాన వాగులగుండా, సిరిసిల్ల వాన మానేరుగుండా గోదావరిలో కలిసి, చివరకు బంగాళాఖాతానికే చేరుతుంది. అక్కడి మంచినీటి పొరలో ఈ వానకూ వంతు ఉన్నది. అయితే గోదావరి ముఖం విశాఖకు దక్షిణాన ఉండుటచేతను, డిసెంబరు నాటి ప్రవాహం దక్షిణాభిముఖం కావడంచేతను, ఘాజీ మునిగిన చోటి పైనీటిలో ఈ ప్రాంతపు వాటా కొద్దిగానే ఉండి ఉంటుంది. ఊరిమీది అభిమానంతో భూగోళాన్ని వంచరాదు కదా!

ఇట్టి నీటిలో రెండు జలాంతర్గాములు ఒకదానినొకటి వెదకుకొంటే కథ ఎంత రక్తికట్టేది! పైపొరలో ఉన్నంతసేపు ఇరువురి చప్పుళ్లు దూరం నుండే అందుతాయి. ఒకరు పొర దాటి కిందికి దిగిన మరుక్షణం, అంతవరకు వినిపించిన పంపు చప్పుడు చెవికి అందకుండా పోతుంది. శత్రువు ఆగిపోయినాడా, దిగినాడా, మునిగినాడా? సోనార్ ముందున్న మనిషికి తెలియదు. దిగినవాడికీ పై సంగతి తెలియదు. దాగుకొన్నవాడు గ్రుడ్డివాడు కూడా అవుతాడు. పీడనపు ముల్లు తిరగడంలో ఉన్న భయంకంటె ఈ నిశ్శబ్దంలో ఉన్న భయం తక్కువది కాదు. ఓడరేవుకు మరీ చేరువైన లోతులేని నీటిలో లెక్క ఇంత సూటిగా ఉండదన్న మాట నిజమే. అక్కడ ధ్వని అడుగుకూ ముఖానికీ కొట్టుకొని చెదిరి, గందరగోళమవుతుంది. ఉన్న పొర ఎన్ని మీటర్ల మందమన్నది కూడా రోజుకొక తీరు. కాని చిత్రకథ అంతా రేవు వాకిట జరిగినది కాదు కనుక ఈ సాకు పూర్తిగా చెల్లదు.

సినిమాలో చోటులేకపోయినా పాఠంలో చోటుండవలసినది ఇంకొకటి ఉన్నది. వేగం కనిష్ఠమైన లోతున బయలుదేరిన ధ్వని పైకి పోబోతే కిందికి వంగుతుంది, కిందికి పోబోతే పైకి వంగుతుంది. శ్రీరాంసాగర్ నుండి వచ్చే కాకతీయ కాలువలో నీరు రెండు గట్ల నడుమ ఇంకిపోక దూరం సాగినట్లు, ధ్వని రెండు వేగపు పొరల నడుమ సాగుతుంది. ముఖాన్నీ అడుగునూ తాకని ధ్వనికి నష్టం చాలా తక్కువ. 1944లో అమెరికాలో యూయింగ్, వర్జెల్ దీనిని ప్రయోగపూర్వకంగా చూపగా, రెండేండ్లకు సోవియట్ దేశంలో బ్రెఖోవ్‌స్కిఖ్ స్వతంత్రంగా కనుగొన్నాడు. 1960లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం దగ్గర సముద్రంలో ప్రేల్చిన మందు చప్పుడు దాదాపు 20,000 కిలోమీటర్ల దూరాన, అట్లాంటిక్‌లోని బెర్ముడాలో వినబడినది. దానికి పట్టిన కాలం మూడు గంటల ముప్పావు. ఒకే అంకె గల నీటితొట్టిలో ఈ అద్భుతం జరగదు.

పాఠాన్ని సరిదిద్దడానికి సముద్రం ఒడ్డున ఉండనక్కరలేదు. 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఉన్నది సముద్రతీరంలో కాదు, హైదరాబాదులో. ఆర్గో అనే తేలియాడే సాధనాలు సాధారణంగా పది రోజులకొకసారి 2,000 మీటర్ల లోతు నుండి పైకి వస్తూ పంపే ఉష్ణోగ్రత, లవణీయతల కొలతలు అక్కడికి చేరుతున్నవి. జగిత్యాల కళాశాలలోని విద్యార్థికి గళ్ల కాగితం ఒకటి, పెన్సిల్ ఒకటి చాలును. బంగాళాఖాతంలో ధ్వని వేగం ఉపరితలాన సుమారు 1,540 మీటర్లు, 200 మీటర్ల లోతున 1,507, 500 మీటర్ల వద్ద 1,498, 1,000 వద్ద 1,494, 1,700 వద్ద 1,493, 3,000 వద్ద 1,505. లోతును పైనుండి కిందికి గుర్తించి ఈ ఆరు చుక్కలను కలిపితే కొడవలివంటి వంపు వస్తుంది. డిసెంబరు నాటి విశాఖ కావలెనంటే, పైన మొదటి యాభై మీటర్లలో ఆ గీతను ఎడమకు కొంచెం విరవాలి.